ఏ చెంప వేడిగా ఉంది?

కిందటి వారం కథ ఆపేటప్పటికి నేను వ్యానులో కూర్చుని ఉన్నాను, ఒళ్లో రెండు నల్ల సంచులు పెట్టుకుని. ఇంకా అక్కడే ఉన్నాను. కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. పాతవాళ్లు ఈలోగా కాఫీ పోసుకు రండి.

నా పేరు ఒడీల్ డెషెన్. మాది అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో, నది ఒడ్డున, పేపరు మిల్లు చుట్టూ పెరిగిన ఊరు. ఊళ్లో డెషెన్ స్టూడియో అంటే మా అన్నయ్య రొజేర్. ఫొటోలు తీసేది ఆయన, వాటిలో మొటిమలూ ముడతలూ చెరిపేది నేను. ఎవరి ముఖాన ఏముందో వాళ్ల మొగుళ్లకన్నా నాకే బాగా తెలుసు. స్టూడియో ఉన్న భవనాన్ని అద్దెకిచ్చినవాళ్లు అమ్మేశారు. పైకప్పుకి వేలాడే మా పెద్ద దీపాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని రోజుల్లో అన్నయ్య కూతురు మిరే రెండు చిన్న ఫ్లాష్‌లు కొనుక్కొచ్చింది. బ్యాటరీతో పనిచేస్తాయి. ప్లగ్గు అక్కర్లేదు, సంచిలో పట్టేస్తాయి. "ఇకనించి జనం మన దగ్గరికి రానక్కర్లేదు నాన్నా, మనమే వాళ్ల దగ్గరికి వెళ్దాం" అంది. అన్నయ్య వాటిని చేత్తో ముట్టుకోలేదు. చలికాలమంతా తండ్రి ఎడమొహం, కూతురు పెడమొహం.

అంతలో మిల్లు మూసేస్తున్నారని తెలిసింది. మిగిలిన ఒక్క మిషను ఆగిపోయేలోగా దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకోవాలని పనివాళ్లు అడిగారు. మిల్లులో ప్లగ్గులకి అప్పటికే కరెంటు తీసేశారు. అక్కడ మా పెద్ద దీపాలు పనికిరావు, మిరే ఫ్లాష్‌లే గతి. అన్నయ్య చస్తే ఒప్పుకోడనుకున్నాం. ఒప్పుకున్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు, కెమెరా తన చేతిలోనే ఉండాలని.

ఆ వేళ పొద్దున్న బండి ఆయనే నడిపాడు. పక్కన కూర్చున్న నాకు ఏదో ఊరేగింపులో వెళ్తున్నట్టు అనిపించింది, అంత నిదానం. పైగా రోడ్డు వైపు కాకుండా నది వైపు చూస్తున్నట్టు తల వారగా పెట్టి నడుపుతాడు. "రోడ్డు నిన్నేం చేసింది? దాని మొహం కూడా చూడవేం?" అన్నాను. నవ్వలేదు. నా వైపు తలుపు కిర్రుమంటూనే ఉంది. నవంబరులో అన్నయ్య జింకను గుద్దినప్పుడు అటు దీపం పగిలి, రేకు లోపలికి పోయింది. మా వైపు బండి కింద జింక పడితే ఎవరూ వదిలిపెట్టరు. అడవి జంతువుల లెక్క చూసే వార్డెనుకి ఫోన్ చేసి, చీటీ రాయించుకుని, మాంసం ఇంటికి తెచ్చుకుంటారు. నేను పెద్ద గిన్నె కడిగి పెట్టుకున్నాను కూడా. "అది అడవిలోకి పారిపోయిందిలే" అన్నాడు అన్నయ్య. ఆ గిన్నె మళ్లీ అటకెక్కింది, నా నోట్లో ఊరిన నీళ్లు నోట్లోనే ఉండిపోయాయి.

మిల్లు గేటు దగ్గర ఫోర్‌మన్ మా ముగ్గురికీ చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు ఇచ్చాడు. లోపల మిషను రొదకి పక్క మనిషి మాట వినపడాలంటే గొంతు చించుకోవాల్సిందే. ఆ రొదలోనే పెరిగిన ఊరు మాది. మా నాన్న చెవుడు ఆ రొద పెట్టిందే. ఊళ్లో సగంమంది ఆదివారం చర్చిలో కూడా అరిచి మాట్లాడతారంటే కారణం అదే. ఇవాళ్టితో ఆగిపోతుందంటే నాకు నమ్మకం కుదరలేదు.

మిషను దగ్గర ఓ బల్ల మీద ఇవోన్ మిషో తెచ్చిన బీన్స్ కుండ, నల్ల రొట్టె, ఎర్ర సాసేజీలు పెట్టి ఉన్నాయి. చావు ఇంట్లో పెట్టినట్టే పెట్టారు. అందరూ తలో పళ్లెం పట్టుకుని నిలబడ్డారు గాని ఎవరూ పెద్దగా తినలేదు. ఆఖరి కాగితపు చుట్ట తయారవుతోంది. అది నిండగానే మిషను ఆపేస్తారు, తర్వాత అందరూ ఆ చుట్ట మీద సంతకాలు పెడతారు. ఫొటోలన్నీ ఈలోగానే అయిపోవాలి.

మొదట నిలబడాల్సింది అర్మాన్ సీర్. మిషనులో తడికాగితం ఎండే చోట అతని పని. అన్నయ్యా అతనూ సిస్టర్ల బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని దెబ్బలు తిన్నవాళ్లు. అర్మాన్ ఆ వేళ శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకొచ్చాడు. అతని కొడుకు లూసియన్ వెనక గోడకి ఆనుకుని, చేతికర్ర మీద బరువు వేసి నిలబడ్డాడు. చలికాలం మొదట్లో ఓ సాయంత్రం నది రోడ్డు మీద నడిచి వస్తుంటే ఏదో బండి గుద్ది ఆగకుండా పోయింది. కాలు రెండు చోట్ల విరిగింది. ఎవరు గుద్దారో ఇప్పటికీ తెలియలేదు. అర్మాన్ నెలల తరబడి ఊళ్లోకి వచ్చిన ప్రతి పరాయి బండినీ వంగి వంగి చూసేవాడు.

అన్నయ్య ముందు చేసిన పని చూసి మిరే నా వైపు తిరిగి కనుబొమలెగరేసింది. జేబులోంచి పసుపు టేపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని నేల మీద గుర్తులు అతికించబోయాడు. స్టూడియోలో అంతే. మనిషి నిలబడే చోట ఒక గుర్తు, కెమెరాకి ఒకటి, దీపాలకి రెండు. ఇక్కడ నేలంతా తడి. అతికించిన టేపు అతికించినట్టే లేచిపోతోంది. మళ్లీ అతికిస్తాడు, మళ్లీ లేస్తుంది.

"ఇక్కడ గుర్తులెందుకు నాన్నా? అర్మాన్ బాబాయ్ ఎక్కడికీ పారిపోడు!" అని అరిచింది మిరే.

"ఫ్లాష్ వాడి కుడివైపు పెట్టు! ఎప్పట్లాగే!" అని అరిచాడు ఆయన.

మిరే అలాగే పెట్టింది. కానీ అర్మాన్‌కి కుడివైపున ఉన్నవి కాగితం ఆరబెట్టే ఇనప డ్రమ్ములు. ఒక్కోటీ మనిషికన్నా ఎత్తు, లోపలంతా ఆవిరే. ఫ్లాష్ ముందున్న తెల్ల గొడుగు చూస్తూండగానే తడిసి కారడం మొదలుపెట్టింది. మిరే స్టాండు ఎత్తి ఎడమవైపుకి మార్చింది. మార్చానని గట్టిగా చెప్పింది కూడా. అన్నయ్య తలూపాడు. ఆ రొదలో ఎవరేమన్నా అందరూ తలూపుతూనే ఉంటారు.

మా అన్నయ్య అలవాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. ఎవరి ఫొటో తీస్తున్నా ముందు "కళ్లు మూసుకో" అంటాడు. మూసుకున్నాక "ఏ చెంప వేడిగా ఉంది?" అంటాడు. మా పెద్ద దీపాలు పొయ్యిల్లాంటివి. ఫొటో తీయకముందు నుంచీ వెలుగుతూనే ఉంటాయి, సెగ ముఖానికి తగులుతూనే ఉంటుంది. కుడి అనో ఎడమ అనో చెప్తారు. "అయితే అటు కాస్త తిరిగి కళ్లు తెరువు" అంటాడు. తెరిచిన ఆ క్షణంలో ముఖం ఎంత కొత్తగా ఉంటుందో నేను రోజూ చూసేదాన్ని. పెళ్లికూతుళ్లు కిసుక్కుమంటారు. పిల్లలు రెండు చెంపలూ పట్టుకుని చూసుకుంటారు. ఊళ్లో బారులో తాగి కొట్టుకునేవాళ్లు కూడా చెయ్యెత్తి "ఏ చెంప వేడిగా ఉందిరా?" అని అడిగి మరీ కొడతారు.

అర్మాన్ ఎవరూ చెప్పకుండానే కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్ల అలవాటు. అన్నయ్య దగ్గరికెళ్లి అతని చెవి దగ్గర అరిచాడు.

"ఏ చెంప వేడిగా ఉందిరా?"

"కుడి!"

"అయితే అటు తిరుగు!"

అర్మాన్ కుడివైపుకి తిరిగి కళ్లు తెరిచాడు. ఫ్లాష్ మెరిసింది. మళ్లీ మెరిసింది. అన్నయ్య ఓ అడుగు ముందుకేసి తీశాడు, వంగి తీశాడు, తీసినవి చాలన్నట్టు బొటనవేలు చూపించాడు. అర్మాన్ ఊపిరి వదిలి కాలరు సర్దుకున్నాడు. మిరే కెమెరా అందుకుని వెనక తెర మీద చూసింది. దాని ముఖం మాడిపోయింది. తండ్రి మోచెయ్యి పట్టుకుని, అంతమందీ చూస్తుండగా, పక్కనున్న అద్దాల గదిలోకి లాక్కుపోయింది. వెనకాలే నేనూ దూరి తలుపు మూశాను.

మిషను నడిపేవాళ్లు కూర్చునే గది అది. తలుపు మూస్తే రొద సగానికి పైగా తగ్గిపోతుంది, మామూలుగా మాట్లాడుకోవచ్చు. బయటివాళ్లకి మా మాటలు వినపడవు గాని మేం ముగ్గురం కనపడుతూనే ఉంటాం.

"చెవి!" అంది మిరే. "అర్మాన్ బాబాయ్ చెవి తీశావు నాన్నా. ఒకటి కాదు, అన్నిట్లో చెవే. చెవి, మెడ, వెనకాల జుట్టు. ముఖం ఎక్కడుంది? మొత్తం చీకటి!"

నేనూ చూశాను. నిజమే. వెలుగు ఎడమ నుంచి వస్తుంటే మనిషిని కుడికి తిప్పాడు. కాలరు మీద ఇస్త్రీ మడత కూడా కనపడుతోంది, ముఖం మాత్రం నల్లటి మచ్చలా ఉంది.

"ఫ్లాష్ కుడివైపే పెట్టమన్నాను కదా" అన్నాడు అన్నయ్య.

"తడుస్తోందని మార్చాను. మార్చానని చెప్పాను. చెప్పకపోయినా నీ ఎదురుగుండా ఉంది కదా, అంత తెల్లటి గొడుగు! నాకు పని నేర్పించింది నువ్వు. వెలుగు ఎటుందో నీకు తెలియదంటే నేను నమ్మాలా?" కెమెరా పట్టీ తిరిగి ఆయన మెడలో వేసేసింది. "నాకు తెలుసులే. నా ఫ్లాష్‌లు పనికిరావని అందరి ముందూ చూపించాలి నీకు. చూపించు, ఇంట్లో చూపించు, నా పెళ్లిలో చూపించు. కానీ ఆ మనిషేం చేశాడు? జీవితమంతా ఆ మిషను దగ్గర నిలబడ్డాడు. కాసేపట్లో అది ఆగిపోతుంది. మళ్లీ తీస్తావా నువ్వు? ఎక్కడ తీస్తావు?"

అన్నయ్య టోపీ తీసి చేత్తో నలిపాడు.

"అవును. కావాలనే చేశాను" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "సిగ్గు లేదూ నీకు?" అందామని నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. మా అన్నయ్య తప్పు ఒప్పుకున్నాడు. అదీ వెంటనే. బయట వాన పడుతోందని ఒప్పుకోవడానికి గొడుగు తడిసేదాకా ఆగే మనిషి. పైగా ఆయనకి ఎంత పొగరున్నా ఒకరి ముఖం పాడుచెయ్యడు. తనకి పడనివాళ్లు వచ్చి కూర్చున్నా, లేచేటప్పటికి వాళ్లని దొరల్లా చూపించి పంపేవాడు. అర్మాన్ ముఖాన్ని కావాలని చీకట్లో పెట్టాడంటే నేను నమ్మను.

ఆయన నాకు ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. నా వైపే చూస్తున్నాడు. కాదు, నా భుజం వైపు చూస్తున్నాడు. చాలాకాలంగా అంతే. మాట్లాడేటప్పుడు ముఖంలోకి చూడకపోతే, వయసుతోపాటు టెక్కు పెరిగిందనుకున్నాను. నాకేం తోచిందో ఏమో, చిన్నప్పటిలా బుగ్గలు పూరించి, నాలుక చాపి వెక్కిరించాను. చిన్నప్పుడు అలా చేస్తే నెత్తిమీద మొట్టికాయ పడేది. పెద్దయ్యాక కూడా, అమ్మ అంత్యక్రియల రోజున కూడా, ఆ నాలుక చూసి ఆయన నవ్వాపుకోలేకపోయాడు.

"నువ్వేమీ అనవేం ఒడీల్?" అన్నాడు నాతో, చాలా గంభీరంగా.

నాలుక ఇంకా బయటే ఉంది నాకు.

మిరే నన్ను చూసింది. నాకు పిచ్చి పట్టిందేమో అన్నట్టు చూసి, తర్వాత వాళ్ల నాన్నని చూసింది. మళ్లీ నన్ను చూసింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. అది మెల్లగా స్టూలు మీద కూలబడింది.

"నాన్నా, నా ముఖం కనిపిస్తోందా నీకు?"

గది బయట ఇవోన్ పళ్లెం పట్టుకుని మా వైపే తొంగి చూస్తోంది.

"నీ జుట్టు కనిపిస్తోంది" అన్నాడు ఆఖరికి. "భుజాలు కనిపిస్తున్నాయి. అంచులన్నీ బాగానే కనిపిస్తాయి. నడిమధ్యలో మాత్రం ఎవరో తడివేలితో రుద్దేసినట్టుంటుంది. ఎటు చూస్తే అటు వస్తుందా మసక. రెండు చలికాలాలైంది. బ్యాంగోర్‌లో డాక్టరుకి చూపించుకున్నాను. తగ్గదన్నాడు."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు కెమెరా లాక్కుంటారు."

"మరి ఇన్నాళ్లూ ఫొటోలు ఎలా తీశావు?"

"దీపాలు పైకప్పుకున్నాయి, కదలవు. నేల మీద టేపుంది. ఫోకస్ కెమెరాయే చూసుకుంటుంది. సరిగ్గా కూర్చున్నారో లేదో చెంప వేడి చెబుతుంది." గొంతు సవరించుకున్నాడు. "సరదాకి మొదలుపెట్టిన మాట అది. చివరికి నాకు అదే దిక్కయింది. ఈ ఊళ్లో నేను తీసినవాళ్లనే మళ్లీ మళ్లీ తీశాను. బాప్టిజం నుంచి పెళ్లిదాకా. వాళ్ల ముఖాలు చూడక్కర్లేదు నాకు, గుర్తున్నాయి."

"ఇక్కడేమో..." అంది మిరే.

"ఇక్కడ టేపు అంటుకోలేదు. వాడు కుడి చెంప అన్నాడు, నేను దీపమనుకున్నాను. అది డ్రమ్ముల సెగ." టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు. "నీ దీపాలు మంచివే మిరే. స్టూడియోలో నువ్వు లేనప్పుడు ఒకటి చేత్తో పట్టుకుని చూశాను. తేలిగ్గా ఉంది. కానీ అది మెరిసేదాకా వెలుగు ఎక్కడుందో తెలియదు. చల్లగా ఉంటుంది. అంతకుమించి నాకు వాటి మీద కోపం లేదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. రెండు చలికాలాలు నా ముఖం చూడకుండా నాతో పోట్లాడాడీ మనిషి. నా ముఖం ఆఖరిసారి సరిగ్గా ఎప్పుడు చూశాడో, అప్పుడు నేనెలా ఉన్నానో కూడా నాకు తెలియదు. అదంతా అక్కడే కడిగేద్దామనుకున్నాను గాని, అద్దం అవతల అర్మాన్ కాలరు పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు.

మిరే కళ్లు తుడుచుకుని లేచింది. "కెమెరా నాకివ్వు నాన్నా."

"ఇస్తాను. అర్మాన్‌ది ఒక్కటి తియ్యనీ. మిగతావాళ్లంతా నీవాళ్లే. నేను మళ్లీ ముట్టుకోను."

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. డెషెన్ స్టూడియో మొత్తం ఆ మాటలో ఖాళీ అయిపోయింది. మిరే ఒక్క క్షణం ఆలోచించి, నా మెడ చుట్టూ ఉన్న స్కార్ఫు లాగేసుకుంది. "రా అత్తా" అని తలుపు తీసింది. రొద మళ్లీ మీద పడింది. చెవుల్లో బిరడాలు బిగించుకుంటూ బయటికొచ్చాం.

దాని బుర్ర ఎంత చురుకో చూడండి. ఫ్లాష్‌ని స్టాండు నుంచి ఊడదీసి చేత్తో పట్టుకుంది. వెళ్లి అర్మాన్‌కి కుడివైపున, ఆ సెగలో, డ్రమ్ములకీ అతనికీ మధ్య నిలబడింది. గొడుగు తడుస్తోంది, మిరే నా స్కార్ఫుతో తుడుస్తోంది, మళ్లీ తడుస్తోంది. దాని జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. వేడి ఎటు నుంచి వస్తే వెలుగూ అటు నుంచే రావాలి, దానికి కావలసింది అంతే. నేను అన్నయ్య వెనకాల నిలబడి కోటు పట్టుకున్నాను, వాళ్లిద్దరి మధ్య అడుగుల లెక్క చూసుకోవడానికి.

"ఏంట్రా, పడిందా గొడవ?" అని అరిచాడు అర్మాన్.

"కళ్లు మూసుకోరా వెధవా!" అని అరిచాడు అన్నయ్య.

అర్మాన్ మూసుకున్నాడు. అన్నయ్య అతని చెవి దగ్గరికి వంగాడు.

"ఏ చెంప వేడిగా ఉంది?"

"కుడేరా! ఇందాకా కుడే కదా!"

"అయితే అటు తిరుగు."

నేను కోటు పట్టి ఒక అడుగు వెనక్కి లాగాను. అర్మాన్ తిరిగి కళ్లు తెరిచాడు. ఫ్లాష్ మెరిసింది. ఒకటే తీశాడు.

మిరే పరిగెత్తుకొచ్చి చూసింది. చూసి, మాట్లాడకుండా నాకు చూపించింది. ఇన్నేళ్లలో నా బల్ల మీదికి ఎన్ని ముఖాలొచ్చాయో, అలాంటిది రాలేదు. అర్మాన్ ముఖంలో ప్రతి గీతా ఉంది. వెనక ఆవిరి, ఆ ఆవిరిలో డ్రమ్ముల వరస, ముందు ఈ మనిషి. అప్పుడే ఎవరో పేరు పెట్టి పిలిస్తే తలెత్తినట్టున్నాడు. నేను చెరపాల్సింది ఒక్కటి కూడా లేదు. అర్మాన్ కళ్లజోడు పెట్టుకుని తెర మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. "మా నాన్న ఇట్లాగే నిలబడేవాడు" అన్నాడు. అన్నాడని పెదాలు చూసి తెలుసుకున్నాను. వరసలో ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి అన్నయ్య వీపు తడుతున్నారు.

అన్నయ్య కెమెరా పట్టీ మెడలోంచి తీశాడు, మిరేకి ఇవ్వడానికే. మాట తప్పలేదు. ఇవ్వబోతుంటే అర్మాన్ ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఇంకొక్కటి తియ్యరా! మా లూసియన్‌తో కలిపి!"

గోడ దగ్గరున్న కొడుకుని చెయ్యూపి పిలిచాడు. అన్నయ్య మిరే వైపు తిరిగాడు, సెలవడిగినట్టు. మిరే తలూపింది. ఆయనకది కనపడదని గుర్తొచ్చి భుజం మీద చెయ్యేసి నొక్కింది. ఆయన కెమెరా మళ్లీ మెడలో వేసుకుని, స్థలం చూసుకోవడానికి గోడ వైపు నాలుగడుగులు వేశాడు, చకచకా, ఇందాకటి ఫొటో ఇచ్చిన ఊపులో. లూసియన్ కర్ర ఆనిస్తూ ఆయనకి ఎదురుగా వస్తున్నాడు. ఎర్ర గళ్ల చొక్కా, ఆరడుగుల మనిషి. పక్కకి తప్పుకుంటాడని లూసియన్ అనుకున్నాడు. అన్నయ్య ఆగలేదు, అడుగు తగ్గించలేదు. నేరుగా వెళ్లి వాడి మీద పడ్డాడు. కర్ర జారిపోయింది. ఎవరో వెనక నుంచి పట్టుకోకపోతే లూసియన్ ఆ కుంటి కాలు మీదే పడిపోయేవాడు.

"అరెరె! ఎవరదీ?" అన్నాడు అన్నయ్య, గాల్లో చేతులు చాపి.

"నేనే రొజేర్ బాబాయ్! ఫర్వాలేదు, ఫర్వాలేదు!" అని నవ్వాడు లూసియన్.

మిరే వంగి కర్ర తీసి లూసియన్ చేతికిచ్చింది. ఇస్తూ వాడి కాలు చూసింది. అలాగే ఉండిపోయింది. తర్వాత వాళ్ల నాన్నని చూసింది, ఆయన మెడలో కెమెరానీ, మసకలోకి చూస్తున్న ఆ కళ్లనీ. నాకు పొద్దున్న వ్యానులో కిర్రుమన్న తలుపు గుర్తొచ్చింది. అటకెక్కిన గిన్నె గుర్తొచ్చింది. మిరే అడగబోతోందని నాకు తెలిసిపోయింది. వద్దని దాని చెయ్యి పట్టుకోబోయాను, అందలేదు.

అదే సమయానికి మిషను అవతలి కొసన ఫోర్‌మన్ చెయ్యి పైకెత్తాడు. చుట్ట నిండింది. మిరే వీపు అటుంది, చూడలేదు. మిషను వేగం తగ్గుతూ వచ్చింది. చెవుల్లో బిరడాలతో ఆ తేడా దానికి తెలియలేదు. తండ్రికి వినపడాలని మొదట్నించీ అరిచినట్టే, గొంతంతా పెట్టి అరిచింది. సరిగ్గా అప్పుడే మిషను పంపులు కూడా ఆపేశారు. నా పుట్టుకకి ముందు నుంచీ ఈ ఊరి నెత్తిన ఉన్న రొద ఆగిపోయింది. ఆ హాలులో వినపడింది మిరే గొంతొక్కటే.

"నాన్నా, నవంబరులో నువ్వు గుద్దింది జింకనేనా? కళ్లతో చూశావా?"

మిరే చేత్తో నోరు మూసుకుంది. పళ్లేలు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే నిలబడిపోయారు. గొంతు వచ్చిన వైపుకి ముఖం తిప్పి, అన్నయ్య కెమెరాని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

లూసియన్ భుజం మీద చెయ్యేసి అర్మాన్ అడిగాడు. ఇక అరవక్కర్లేదు కదా, మామూలు గొంతుతోనే అడిగాడు.

"ఏ జింకరా, రొజేర్?"